గాజు గది పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఇది ఏ పురాణంలోదో వెతకనక్కర్లేదు. హైదరాబాదు మాదాపూర్‌లో ఒకానొక ఆఫీసులో, కొత్తగా కట్టిన గాజు గదిలో గుట్టుగా సాగిన జీతాల చర్చ లంచ్ వేళకు క్యాంటీన్ చేరింది. మర్నాడు వైట్‌బోర్డు మీద ఈ పద్యం వెలసింది. కవి పేరు తెలిసినవారున్నారు గానీ చెప్పరు. అది అప్రైజల్ నెల.

ఆ.వె.
గాజు గోడ కట్టి గదిలోన కూర్చున్న
తలుపు కింది సందు దారి చూపు
మాట బైట కేగు మర్యాద లేకుండ
మూల సీటు వాడె మొదటి శ్రోత

ప్రతిపదార్థం: గాజు గోడ = 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసుతో చేసినదీ, చూపును ఆపనిదీ, మాటను ఆపుతుందని కొటేషన్‌లో మాత్రమే ఉన్నదీ అయిన గోడను; కట్టి = ఫైనాన్సు వారిని బతిమాలి నిలబెట్టి; గదిలోన = 'గోదావరి' అనో 'కృష్ణ' అనో పేరున్న మీటింగ్ రూములో; కూర్చున్న = మేనేజరు ఆసీనుడు కాగా; తలుపు కింది సందు = ఫ్లోర్ స్ప్రింగ్ మీద తిరిగే తలుపు నేలకు రాసుకోకుండా ఫిట్టరు వదిలిన జాగా; దారి చూపు = మార్గదర్శనం చేయును; మాట = ఇంక్రిమెంటు శాతం మొదలైనది; మర్యాద లేకుండ = యాక్సెస్ కార్డు గీకకుండానే; బైట కేగు = వెలుపలికి పోవును; మూల సీటు వాడె = చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టి పాట మాత్రం పెట్టనివాడే; మొదటి శ్రోత = ప్రథమ లబ్ధిదారుడు.

తాత్పర్యం: గాజు ఎంత మందమైనా తలుపు కింద సందుంటే గుట్టు నిలవదు.

విశేషాలు:

1. గోడను రెండు మాటల్లో దాటేసిన కవి, సందుకు ఒక పాదమంతా కేటాయించాడు. ఇందులో లెక్క ఉంది. 12 మి.మీ. గాజు శబ్దాన్ని దాదాపు 35 డెసిబెల్స్ తగ్గిస్తుంది. పది డెసిబెల్స్ తగ్గితే శబ్దశక్తి పదోవంతవుతుంది, చెవికి సగమైనట్టు తోస్తుంది. ఇక 2100 మి.మీ. ఎత్తు తలుపు కింద 10 మి.మీ. సందంటే తలుపులో 210వ వంతు. తలుపు మీద పడ్డ శబ్దంలో అంత వంతు నేరుగా వెళ్లిపోతుంది. అప్పుడు ఆ తలుపు ఆపగలిగేది మహా అయితే 23 డెసిబెల్స్. గాజుకు బదులు ఉక్కు బిగించినా ఆ 23 దాటదు.

2. శంక: గాజు మందం పెంచితే? సమాధానం: బరువు రెట్టింపు చేస్తే సిద్ధాంతరీత్యా 6 డెసిబెల్స్ కలిసొస్తాయి. రెండు గాజుల మధ్య పీవీబీ పొర పెట్టిన ల్యామినేటెడ్ గాజు ఇంకా నయం. ఒంటి గాజు ఒకానొక శ్రుతి దగ్గర వణికి, ఆ శబ్దాన్ని అవతలికి దాటిస్తుంది. పొర ఆ వణుకును అణుస్తుంది. సందు ఉండగా ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే.

3. మాట పైనుంచీ పోతుంది. పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగి, స్లాబు దాకా లేవకపోతే మాట ఎక్కి పక్క గదిలో దిగుతుంది. ఆటవెలదిలో చోటు చాలక కవి ఈ సంగతి వదిలేశాడు.

4. గాజు మాటను పీల్చుకునేది నూటికి అయిదు వంతులైనా ఉండదు. మిగిలిందంతా దాదాపు లోపలికే తిరగ్గొడుతుంది. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసశాల ఇలాగే మోగుతుంటే, వాలెస్ సబీన్ అనే అధ్యాపకుడు శాండర్స్ థియేటర్ సీట్ల దిండ్లు మోయించుకొచ్చి, ఎన్ని దిండ్లకు మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. దిండ్లు లేని గాజు గదిలో మోతను మించాలని అందరూ గొంతు పెంచుతారు. పెరిగిన గొంతు సందును మరింత బాగా వాడుకుంటుంది. నేలకు కార్పెట్, ఒక గోడకు గుడ్డ ప్యానెల్ వేస్తే సగం గొడవ అణుగుతుంది.

5. పాఠాంతరం: చివరి పాదంలో 'హెచ్చారె మొదటి శ్రోత' అని కొందరు చదువుతారు. అది గణభంగం. పైగా హెచ్చార్ వారు వినాల్సిన పనిలేదు. ఆ గదిలో మాట్లాడుతున్నది వారే.

6. శంక: జిప్సమ్ బోర్డుల మధ్య రాక్‌వూల్ నింపిన గోడ శబ్దాన్ని ఇంకా బాగా ఆపుతుంది కదా, గాజెందుకు? సమాధానం: ఎవరు పనిచేస్తున్నారో లోపలివారికి, ఎవరు మీటింగ్‌లో ఉన్నారో బయటివారికి కనపడాలి. ఆ పని గాజు లోటు లేకుండా చేస్తుంది. కొన్నాళ్లకు అదీ ఇబ్బందై, కంటి ఎత్తున ఫ్రాస్టెడ్ స్టిక్కరు అతికిస్తారు.

ఫలశ్రుతి: ఫ్రేము ఉన్న తలుపు పెట్టి, అంచులకు రబ్బరు, మూయగానే కిందికి దిగే డ్రాప్ సీల్ వేయించినవారి మాట గది దాటదు. అంత బడ్జెట్ లేనివారు గొంతు తగ్గించి మాట్లాడినా పది డెసిబెల్స్ ఉచితంగా తగ్గుతాయి. ఈ ఉపాయం పద్యంలో ఎందుకు లేదంటే, మేనేజరుకు ఆ మాట చెప్పే ధైర్యం పేరు లేని కవికి కూడా చాలలేదు.