నూట పది ఎంబీల మహత్యం

లైనక్స్ భక్తుల దగ్గర తప్పకుండా ఒక ఫోటో ఉంటుంది. అరచేతి మందం పాత ల్యాప్‌టాప్, నల్లటి తెర, ఆకుపచ్చ గీతలతో మెమరీ వాడకం చూపే హెచ్‌టాప్, అందులో 110 ఎంబీ. "రెండు జీబీ మెషీనండీ, ఇంకా ఎంత ఖాళీ ఉందో చూశారా!" అని మురిసిపోతారు. ఖాళీగా కాక ఎలా ఉంటుంది? దాని మీద ఇంకా ఎవరూ ఏ పనీ మొదలుపెట్టలేదు. పొయ్యి వెలిగించని వంటింట్లో అంట్ల గిన్నెలు కనబడవు మరి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ నీళ్లొదిలాక ఈ భక్తి పుదుచ్చేరిలోని మా కురుచికుప్పం దాకా పాకింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో ఉండాలి. నిక్షేపంలాంటి మెషీన్లను కూడా వీధిన పడేసే ఆ షరతులను నేను వెనకేసుకు రావడం లేదు. వాళ్లకు పడాల్సిన తిట్లు ఎలాగూ పడుతున్నాయి. నా గొడవంతా వాటికి ఎదురుగా నిలబడ్డామని చెప్పుకునే పుణ్యాత్ములతోనే.

ఏదో ఆఫీసులో పదేళ్లు అటక మీద పడున్న మెషీన్లను కిందికి దించుతారు. ఆంటీఎక్స్ అనే తేలికపాటి లైనక్స్ ఎక్కిస్తారు. ఎక్కించి జాలరి పిల్లలు చదువుకునే ట్యూషన్ గదికి దానం చేస్తారు. బ్యానరు కడతారు, శాలువా కప్పుతారు, డిజిటల్ అంతరం తగ్గిందని ప్రసంగిస్తారు. తగ్గింది ఆఫీసు అటక మీది బరువు. పాత సామాను వదిలించుకునే తిప్పలు తప్పాయి, పైగా పేపర్లో ఫోటో.

ఇక్కడి ఉప్పుగాలికి మెమరీ కార్డు కాళ్లు నల్లబడతాయి. స్విచ్ వేస్తే మెషీన్ కుయ్యిమంటుంది గానీ తెర వెలగదు. అప్పుడు భక్తుడు కార్డు ఊడదీసి, పిల్లవాడి పెన్సిలు రబ్బరుతో ఆ ఇత్తడి రంగు గీతలను రుద్ది, ఉఫ్ అని ఊది, మళ్లీ నొక్కుతాడు. తెర వెలుగుతుంది. చప్పట్లు. ఇక్కడిదాకా నాకూ ముచ్చటే. ఆ తర్వాత పన్నెండు పాసైన ఒకమ్మాయి ఇంజనీరింగ్ సీటు కోసం ఇక్కడి ప్రవేశాల సంస్థ సెంటాక్ దరఖాస్తు నింపుదామని కూర్చుంటుంది. బ్రౌజర్ తెరుస్తుంది. మెయిల్ ఒక ట్యాబు, ఫారం ఒక ట్యాబు, సర్టిఫికెట్ పీడీఎఫ్ ఇంకో ట్యాబు. అంతే, మెమరీ నిండి, డిస్కునే మెమరీలా వాడుకునే స్వాప్ మొదలవుతుంది. హార్డ్‌డిస్కు ఎర్ర లైటు వెలిగి ఇక ఆరదు. బాణం గుర్తు ఒక మూల నుంచి ఇంకో మూలకు గెంతుతుంది. "ఉండన్నా, ఫోన్లో నింపుకుంటాను" అని ఆ అమ్మాయి సంచిలోంచి అమ్మ ఫోన్ తీస్తుంది. అందులో నాలుగు జీబీ ఉంది. దానం పుచ్చుకున్నవాళ్ల చేతి సంచిలో దాత ఇచ్చినదానికి రెండింతలు!

ఈ మాటంటే భక్తులు పురాణం విప్పుతారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు లైనక్స్‌కు తాతలాంటి యూనిక్స్‌కు పురుడు పోశారనీ, తర్వాత వచ్చిన పీడీపీ-11/20లో మొత్తం మెమరీ 24 కేబీయేననీ, 1971లో పేటెంట్ విభాగం టైపిస్టులు ముగ్గురు దాని మీదే రోజంతా దరఖాస్తులు కొట్టేవారనీ. అక్షరాలా నిజం. కానీ ఆ ముగ్గురికీ టైపు పని ఇచ్చి టైపు మెషీన్ ఇచ్చారు. ఓటీపీ కొట్టమనలేదు, ఫోటో యాభై కేబీకి కుదించి ఎక్కించమనలేదు. ఈనాటి బ్రౌజర్ ఒక సైటు ఇంకో సైటును తొంగిచూడకుండా దేని ప్రాసెస్ దానికి విడిగా పెడుతుంది. ఆ భద్రతకు ఖరీదు మెమరీయే. కింద ఐస్‌డబ్ల్యూఎం లాంటి తేలికపాటి విండో మేనేజర్ పెట్టి మూడొందల ఎంబీ మిగిల్చినా, పైన ఒక్క పేజీ దాన్ని గుటుక్కున మింగుతుంది.

తేలికదనం పిచ్చిలో ఇంకో ఘోరం. మా యానాం కుర్రాడొకడు ఇక్కడ గది తీసుకుని చదువుకుంటున్నాడు. అలాంటి మెషీన్ మీదే తెలుగు వార్తలు తెరిచాడు. తెరంతా డబ్బాలు, డబ్బాల్లో అంకెలు. సిస్టమ్ సన్నబడాలని తెలుగు ఫాంట్లు ఎక్కించలేదట! తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు శ్రమపడి చేసి ఉచితంగా పంచిన పోతన, వేమన ఫాంట్లు ఒక్కోటి సెల్‌ఫోన్ ఫోటో అంత కూడా ఉండవు. ఆ కాస్త జాగా కోసం పోతన్నీ వేమన్నీ గడప బయట నిలబెట్టిన ఘనులు వీళ్లు.

ఇక 32-బిట్ మెషీన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. లైనక్స్‌లో క్రోమ్ వాటిని 2016లోనే వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32-బిట్ పీసీ ఇన్‌స్టాలరే లేదు. "నెట్‌బీఎస్‌డీ నడుస్తుందిగా!" అని ఇంకో ఉచిత సిస్టమ్ పేరు చెబుతారు. నడుస్తుంది, ఎవరు కాదన్నారు? నడిచి ఎక్కడికి వెళుతుందని అడిగితేనే కోపం.

పాత మెషీన్ పనికిరాదని నేననను. లిబ్రెఆఫీసులో ఉత్తరం రాయొచ్చు, పైథాన్ నేర్చుకోవచ్చు, ప్రింటర్ తగిలించి మూల పెట్టొచ్చు. ఆ మాట చెప్పి ఇవ్వండి. బోర్డు ఒప్పుకుంటే ఇంకో మెమరీ కార్డూ ఒక ఎస్‌ఎస్‌డీ కూడా బిగించి ఇవ్వండి; కొన్ని నెట్‌బుక్కుల ఆటమ్ చిప్పు రెండు జీబీ దాటి గుర్తించదు, వాటిని దానం లెక్కలోంచి తీసేయండి. మిగతావాటికి నాదొక చిన్న షరతు. దాతగారు ఆ మెషీన్ ముందు ఉదయం పది గంటలకు కూర్చుని చెన్నై నుంచి కాకినాడకు ఏసీ తత్కాల్ టికెట్ తీయాలి. ఓటీపీ చూడ్డానికి తప్ప ఫోన్ ముట్టుకోకూడదు. బెర్తు దొరికితే ఆ మెషీన్ పిల్లలకు ఇచ్చేయొచ్చు, శాలువా ఖర్చు నాది.