జరీకోటు ఆసామి

విక్టోరియా కాలపు లండన్‌లో పెద్దింటి తలుపు తీసేవాణ్ణి చూస్తే కొత్తవాళ్ళకు దొర ఈయనేనేమో అనిపించాలి. నిజం దొర లోపల సాదా నల్లకోటులో ఉంటాడు. భుజాల మీద జరీ, వంశచిహ్నమున్న ఇత్తడి బొత్తాలు, మోకాళ్ళ దగ్గరే ఆగిపోయే లాగు, పట్టు మేజోళ్ళు, ఈ హంగంతా ఫుట్‌మన్ అనే నౌకరుది. దొరల తాతలు తొడిగి వదిలేసిన వేషమే ఇది. తలకు పిండి పట్టించడమైతే పెద్ద తతంగం: జుట్టు తడిపి, సబ్బు నురగ పట్టించి, దువ్వి, పిండి చల్లితే గట్టిపడి పెచ్చు కట్టేది. పిక్కలు సన్నమైతే మేజోళ్ళ లోపల మెత్తలు దూర్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఇంత ముస్తాబూ పనికోసం కాదు, పనిలేని మనిషిని కూడా పోషించగలమని వీధికి చాటడానికే అంటాను.

విక్టోరియాకు ముందే సర్కారు కూడా ఆ లెక్కే వేసింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఖర్చులకని 1777లో మగ నౌకరుకు తలకొక గినీ (అప్పటి ఇంగ్లీషు బంగారు నాణెం) పన్ను వేశారు. బగ్గీల మీద పన్ను అప్పటికే ఉంది. 1795లో తలపిండికీ ఏడాదికో గినీ. ఇక జీతం? 1890లలో సామాజిక పరిశోధకుడు చార్లెస్ బూత్ సేకరించిన లండన్ వివరాల ప్రకారం పొట్టివాడైతే మొదటి ఫుట్‌మన్‌కైనా ఏడాదికి 30 పౌండ్లు దాటవు, అదే ఆరడుగులవాడికి 32 నుంచి 40. పళ్ళెం మోయడానికి అంగుళాలతో ఏం పని?

వెండి తోమి, దీపాలు తుడిచి, బొగ్గు మోసేవాణ్ణి పనిలేనివాడంటారా అని ఎవరైనా నిలదీయవచ్చు. చేసేవాడే, కాని ఆ పనుల వేళ జరీకోటు విప్పి ఏప్రన్ కట్టుకునేవాడు. మరి పనిమనిషికీ తెల్ల టోపీ, నల్ల గౌను ఉన్నాయిగా అంటే, ఆ గుడ్డ సాధారణంగా ఆమే కొనుక్కోవాలి. ఆడంబరానికి పెట్టే సొమ్మంతా మగవాడి మీదే. అతనికి అది గర్వకారణం కాదా? కొంతవరకు అవును, మన బిళ్ళబంట్రోతుకు డవాలీ మీద ఉన్నట్టే. అయితే బట్లర్‌గా పైకెక్కిన రోజున మొదట పోయేది ఆ జరీయే. బట్లర్ తొడిగేది దొరలాంటి నల్లకోటు. ఫుట్‌మన్ కొలువు మానితే కోటు మామూలుగా ఆ ఇంట్లోనే ఉండిపోయేది. కోటు కొలతకు సరిపోయే మరో ఆరడుగుల మనిషి దొరికితే, కుట్టుకూలి కలిసొచ్చినట్టే.