సీనియారిటీ లిస్టులో వంటలక్క

మా కాకినాడ ఇంట్లో సీరియల్ అంటే ఏడున్నరకు మొదలై ఎనిమిదికి అయిపోయే వ్యవహారం కాదు. అరగంట చూడటం, ఆ తర్వాత అన్నాలు చల్లారేదాకా వాదించుకోవడం. వాదన ఎప్పుడూ ఒకటే: పాతవాళ్లా, కొత్తవాళ్లా? కథ సంగతి ఎవరికీ పట్టదు. కథ ఎటు పోతుందో అందరికీ తెలుసు. ఎటూ పోదు.

అమ్మది పాతవాళ్ల పక్షం. ఇంజనీరింగ్ చదువుకోడానికి మా దగ్గర ఉంటున్న అక్క కూతురిది కొత్తవాళ్ల పక్షం. మధ్యలో పెద్దమనిషిగా పక్క ఫ్లాట్ సూపరింటెండెంట్ గారు. ఉద్యోగమంతా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లోనే చేసి రిటైరైన మనిషి. ఆయనకి లోకంలో ఏది చూసినా సర్వీసు రూల్సే కనిపిస్తాయి. పెళ్లికి వెళితే పెళ్లికొడుకు జాయినింగ్ రిపోర్టు ఇచ్చాడంటారు. వాళ్ళింట్లో టీవీ ఉంది, ఈయన కంటే పెద్దది. అయినా ఏడు ఇరవై అయ్యేసరికి మా సోఫాలో ఉంటారు. వాళ్ళావిడ చూసే చానల్ వేరు.

కొత్తవాళ్లు సీరియల్లోకి ఎలా వస్తారో మీరూ చూసే ఉంటారు. ముందు కారు తలుపు తెరుచుకుంటుంది. కాలు దిగుతుంది. బూటు మీద ఒకసారి, చేతి గడియారం మీద ఒకసారి, నల్ల కళ్లద్దాల మీద ఒకసారి కెమెరా ఆగుతుంది. గాలి వీస్తుంది, గదిలో అయినా సరే వీస్తుంది. మొహం మాత్రం సోమవారం చూపిస్తారు. అప్పటిదాకా అమ్మ ఆ కాలు చూసి తీర్పు చెప్పేస్తుంది. "వీడు నిలబడడే."

"మొహం చూపించనీ అమ్మమ్మా!" అంటుంది మా మేనకోడలు.

"మొహం ఎందుకే? ఆ దిగడంలోనే తెలియడం లేదూ?"

ఈ గొడవకి మా ఇంట్లో మహాభారతం స్థాయి వచ్చింది మాత్రం కార్తీక దీపంతోనే. 2017 అక్టోబర్లో స్టార్ మాలో మొదలైంది. అంతకు మూడేళ్ల ముందు మలయాళంలో మొదలైన కరుత్తముత్తుకి తెలుగు రూపం. కథ తెలియనివాళ్లు తెలుగుదేశంలో ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ల కోసం: డాక్టర్ బాబు కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల, నల్లగా ఉందని అందరూ ఈసడించే దీపగా ప్రేమి విశ్వనాథ్. తనకి పిల్లలు పుట్టరని డాక్టర్ బాబు నమ్మేలా మోనిత చేస్తుంది. మోనితగా శోభా శెట్టి. దాంతో ఆయన కడుపుతో ఉన్న భార్యని అనుమానిస్తాడు. దీప ఇల్లు వదిలి, వంటలు చేసుకుంటూ బతికి, వంటలక్క అవుతుంది. పుట్టిన కవలల్లో శౌర్య తల్లి దగ్గర, హిమ తండ్రి దగ్గర పెరుగుతారు. ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే కథ ఆ పూటకి అయిపోతుంది. గుండెకి కత్తి పెట్టే డాక్టరు, కళ్ల ముందే ఆసుపత్రి, అయినా చేయించుకోడు. ఏళ్ల తరబడి చేయించుకోడు. 2020 లాక్‌డౌన్లో షూటింగులు ఆగిపోయి పాత ఎపిసోడ్లు వేస్తే, అమ్మ వెనకటి ఏడుపులే కొత్తగా ఏడ్చింది. ఐపీఎల్ రోజుల్లో రిమోట్ పప్పుల డబ్బాలో ఉండేది.

అలాంటి ఇంటి మీద 2022 మార్చిలో పిడుగు పడింది. కారు ప్రమాదంలో దీప, కార్తీక్ ఇద్దరూ పోయారు. కథ పదిపదిహేనేళ్లు ముందుకి దూకింది. హిమ పెద్దదై డాక్టరైంది, శౌర్య జ్వాల అనే పేరుతో ఆటో నడుపుతోంది. హిమగా కీర్తి భట్, జ్వాలగా అమూల్య గౌడ, కొత్త హీరోగా మానస్ వచ్చారు. దీప అత్తగారు సౌందర్యగా అర్చనా అనంత్ మాత్రం ఇటువైపు నుంచి అటువైపుకి చెక్కుచెదరకుండా దాటేశారు. మన సీరియళ్లలో ఎన్నేళ్లు గడిచినా అత్తగారికి కళ్లద్దాలు వస్తాయేమో గానీ ముడతలు రావు.

ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. సూపరింటెండెంట్ గారు పరామర్శకి వచ్చినట్టే వచ్చి, మంచినీళ్లు తాగి, తన అభిప్రాయం రికార్డు చేశారు.

"కారుణ్య నియామకమమ్మా ఇది. తల్లీ తండ్రీ సర్వీసులో ఉండగా పోయారు. పిల్లలకి ఉద్యోగాలిచ్చారు. రూల్ ప్రకారం తప్పు పట్టడానికేం లేదు."

"పిల్లలకిస్తే ఇచ్చారు, అన్నయ్యగారూ. ఆ కుర్రాడెవరు మధ్యలో?"

"అతను డైరెక్ట్ రిక్రూట్‌మెంటు."

డైరెక్ట్ రిక్రూట్‌మెంట్ అన్న మాట వినగానే అమ్మకి ఇంకా మండింది. ఆయనకీ మండింది నిజానికి. ప్రమోషన్ మీద పైకొచ్చినవాళ్లకి, పరీక్ష రాసి నేరుగా వచ్చి పక్క కుర్చీలో కూర్చునేవాళ్లకి మధ్య ఏ ఆఫీసులోనూ మాటలుండవు.

చానల్ వాళ్లు లౌక్యులు. జనం పాతవాళ్లని మర్చిపోరని వాళ్లకీ తెలుసు. అందుకే కొత్త హీరో పాత్రకి నిరుపమ్ అని పేరు పెట్టారు. అతని తోడబుట్టినవాడికి ప్రేమ్ అని పెట్టారు. పోయిన జంటగా వేసినవాళ్ల అసలు పేర్లు అన్నమాట. ఇది విని అమ్మ మెత్తబడుతుందనుకున్నాను. "తాతల పేరు పెట్టినంత మాత్రాన తాతలవుతార్రా?" అంది. ఇక ఆ నిరుపమ్ తెర మీద కనిపించినప్పుడల్లా "ఈ డూప్లికేటు" అనే వ్యవహరించింది.

నాకు మాత్రం ఆ ఆటో అమ్మాయి నచ్చింది. ఖాకీ చొక్కా చేతులు మడిచి, హ్యాండిల్ పట్టుకుని, బేరం ఆడేవాడికి సమాధానం చెప్పే తీరులో ప్రాణం ఉంది. ఆ మాట ఇంట్లో అనలేదు. అన్నం పెట్టేది అమ్మ.

మా మేనకోడలు అంది గానీ. "కొత్తవాళ్లు బాగానే చేస్తున్నారు కదా అమ్మమ్మా, వాళ్లు చేసిన తప్పేంటి?"

"తప్పేం చేయలేదే. వచ్చారు, అంతే."

"మరి?"

"నాలుగేళ్లు ఏడ్చానే ఆ దీప కోసం. ఆ ఏడుపంతా ఇప్పుడు ఎవరిస్తారు వెనక్కి?"

అదండీ అసలు పాయింటు. పాతవాళ్లకి మనం మార్కులు వేసేది నటనకని అనుకుంటాం గానీ, సీనియారిటీ వాళ్లది కాదు, మనది. వాళ్లు నటించిన రోజుల లెక్క కాదది, మనం కుక్కర్ కట్టేసి వచ్చి కూర్చున్న రోజుల లెక్క. వాళ్లని తీసేస్తే మన సర్వీసు రిజిస్టర్లో కాగితాలు చించేసినట్టే. జెమినీలో 2013 దాకా నడిచిన మొగలిరేకులు ఎప్పుడో అయిపోయింది. అయినా అందులో వేసిన సాగర్ ఇవాళ్టికీ జనానికి ఆర్కే నాయుడే. ఆయన వద్దన్నా సరే, పోస్టు పర్మనెంటు.

ఇంకో విచిత్రం చెప్పాలి. అమ్మకి పాతవాళ్ల మీద ఇంత భక్తి ఉన్నా, వాళ్లని చూసేది తక్కువ, వినేది ఎక్కువ. వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తూ, చేదు చూడటానికి చిన్న ముక్క నోట్లో వేసుకుని, తెర వైపు వీపు పెట్టి వింటుంది. మన సీరియళ్లలో సగం మంది కన్నడం నుంచో మలయాళం నుంచో వచ్చినవాళ్లు కాబట్టి గొంతు వేరేవాళ్లది. వేరే సీరియల్లో ఒకసారి హీరోయిన్ని మార్చేశారు. "ఇకపై ఈ పాత్రలో" అని తెర మీద అక్షరాలు వేసి మరీ మార్చారు. గొంతు మాత్రం పాత గొంతే. అమ్మకి వారమంతా తెలియనే లేదు. ఒకరోజు ఉప్పు డబ్బా కోసం హాల్లోకి వచ్చి, తెర మీద కొత్త మొహం లోంచి పాత గొంతు రావడం చూసి, "ఎవత్తే ఇది, మన పిల్ల గొంతు పెట్టుకుంది!" అని కేకేసింది.

సూపరింటెండెంట్ గారి అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. ఆయన్ని కవ్వించడానికి ఒకరోజు నేను కొరోనేషన్ స్ట్రీట్ సంగతి ఎత్తాను. అక్కడి సీరియల్. 1960 డిసెంబర్ 9న వచ్చిన మొట్టమొదటి ఎపిసోడ్‌లో కెన్ బార్లో అనే కుర్రాడిగా వేసిన విలియం రోచ్, తొంభై దాటాక కూడా అదే పాత్ర వేస్తున్నాడు. కుర్రాడు తాతయ్యాడు గానీ కుర్చీ దిగలేదు. అమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది, దేశమంటే అలా ఉండాలంది. సూపరింటెండెంట్ గారి మొహం మాత్రం మాడిపోయింది. మన రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు అరవై నుంచి 62కి పెంచింది 2022 జనవరిలో. ఆయన అరవైకే దండేయించుకుని ఇంటికొచ్చేశారు. అప్పట్నుంచి ఆయన ముందు ఎవరి వయసూ ఎత్తకూడదు. నేను ఎత్తాను. ఆ రోజు కాఫీ తాగకుండా వెళ్లిపోయారు.

మర్నాడు ఫైలుతో వచ్చినట్టు వచ్చారు. రాత్రంతా ఆలోచించారట. "అమ్మా, ఆ కారు ప్రమాదంలో శవాలు చూపించారా?"

అమ్మ బీరకాయ వదిలేసింది. "మీరు చూశారా?"

"కారు పడటం చూశాను. మనుషుల్ని చూడలేదు. అలాంటప్పుడు వాళ్లు పోయినట్టు ఎలా రాసుకుంటాం? ఆచూకీ లేనివాళ్లని ఏడేళ్లు ఆగితే గానీ చట్టం పోయినట్టు లెక్కేయదు. అప్పటిదాకా వాళ్లకి లీన్ ఉంటుంది. పోస్టు వాళ్లదే. ఇప్పుడున్నవాళ్లంతా టెంపరరీ."

ఆ రోజు అమ్మ గారెలు వేసింది.

ఆయన మాటే నిజమైంది. దేశమంతా వంటిళ్లలో కూర్చున్న అమ్మలు రేటింగ్‌ని కిందికి లాగేశారు. 2022 ఆగస్టులో దీప కోమా లోంచి లేచింది. కార్తీకూ బతికే ఉన్నాడు, గతం మర్చిపోయి మోనిత దగ్గరున్నాడు. భార్యని నేనేనని చెప్పుకుంటూ మోనిత. "భార్య పోస్టులో ఇన్‌చార్జి" అన్నారు సూపరింటెండెంట్ గారు, టీవీ వైపు చూపుడువేలు పెట్టి. "రెగ్యులర్ మనిషి జాయిన్ కాగానే చార్జి అప్పగించి తీరాలి."

మరి పెద్దవాళ్లయిపోయిన పిల్లల సంగతో? దానికి రచయితలు చేసిన పని చూస్తే ఏ సర్వీసు రూలూ చాలదు. కథని వెనక్కి తిప్పేశారు. హిమ, శౌర్య మళ్లీ చిన్నపిల్లలైపోయారు. ఆటో లేదు, డాక్టర్ నిరుపమ్ లేడు, ప్రేమ్ లేడు. వాళ్లు ప్రేమించుకున్నవీ, పోట్లాడుకున్నవీ అన్నీ ఇంకా జరగని సంగతులు. ఉద్యోగం లోంచి తీసేసిన వాళ్లని చూశాం గానీ, భవిష్యత్తు లోకి పంపేసిన వాళ్లని నేనెక్కడా చూడలేదు. మా మేనకోడలు రెండు రోజులు మాట్లాడలేదు. "కనీసం నోటీసైనా ఇవ్వాలి కదా మామయ్యా" అంది మూడో రోజు.

అప్పుడు నా దగ్గరున్న ఒక రహస్యం బయటపెట్టాను. దాచాల్సింది కాదు, ఈ గొడవకది అవసరమే. మలయాళం కరుత్తముత్తులో కూడా మొదట ఆ నల్లపిల్ల పాత్ర వేసింది ప్రేమి విశ్వనాథే. అక్కడ మధ్యలోనే ఆమె స్థానంలో రేణు సౌందర్ వచ్చింది. ఆ సీరియల్ ఆ తర్వాత ఏళ్ల పాటు నడిచింది. అంటే మనం కదిలించలేమని ఒట్టేసుకున్న మనిషిని, కేరళవాళ్లు ఎప్పుడో మార్చేసి అన్నాలు తిని పడుకున్నారు.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. సూపరింటెండెంట్ గారు గొంతు సవరించుకున్నారు. "అంతర్రాష్ట్ర బదిలీ. బదిలీ మీద వచ్చినవాళ్లకి కొత్త రాష్ట్రంలో సీనియారిటీ చేరిన రోజు నుంచే."

"ఆ కేరళవాళ్లకి కళ్లు లేవు," అంది అమ్మ. అక్కడితో ఆ కేసు మూసేశారు.

2023 జనవరి 23న కార్తీక దీపం అయిపోయింది. మర్నాడే అదే ఏడున్నరకి బ్రహ్మముడి వచ్చి కూర్చుంది. ఆ కొత్త కోడలిని అమ్మ ఆర్నెల్లు పేరుతో పిలవలేదు, "ఆ బొమ్మల పిల్ల" అనేది. ఇప్పుడు ఆమె మీద ఈగ వాలనివ్వదు. 2024 మార్చి 25న కార్తీక దీపం రెండో భాగం మొదలైంది. మళ్లీ నిరుపమ్, మళ్లీ ప్రేమి, మళ్లీ కార్తీక్, మళ్లీ దీప, కూతురు మళ్లీ శౌర్యే. కథ మాత్రం వేరు. రిటైరైనవాళ్లని మళ్లీ తీసుకున్నారని, పాత సర్వీసు ఇందులో కలవదని సూపరింటెండెంట్ గారు తేల్చారు. అమ్మ కలిపేసుకుంది. ఈ కార్తీక్ దీపని ఒక్క మాట అన్నా, వెనకటి డీఎన్ఏ పరీక్ష సంగతి తీసి తిడుతుంది.

పాతవాళ్లంతా వచ్చారు, ఇంక అమ్మకి లోటేమీ ఉండదనుకున్నాం. కొన్నాళ్లకి గమనించాను, సీరియల్ నడుస్తుండగా విసుక్కుంటోంది. ఈ కథలో మోనిత లేదు. కార్తీక్ మరదలు జ్యోత్స్న ఉంది, కుట్రలు చేసే పని ఆమెకిచ్చారు. ఏళ్ల పాటు అమ్మ మోనితని తిట్టిన తిట్లు నేనిక్కడ రాస్తే ఎడిటర్ గారు వేయరు. వీధిలో ఎదురైతే చీపురు తిరగేస్తానని ఒట్టేసింది కూడా.

మొన్న జ్యోత్స్న తలుపు చాటు నుంచి ఏదో కుట్ర పన్నుతుంటే అమ్మ నుదురు కొట్టుకుంది.

"ఏం పిల్లండీ ఇది? మా మోనితైతే ఈపాటికి రిపోర్టులు మార్చేసి, ముగ్గురిని ఆసుపత్రిలో పడేసి, వాళ్లకే పళ్లు పట్టుకెళ్లేది."

"ప్రొబేషన్లో ఉందమ్మా," అన్నారు సూపరింటెండెంట్ గారు. "కాస్త టైమివ్వండి, నేర్చుకుంటుంది."