థిన్నరు మేస్త్రి

కోస్తా పట్టణాల్లో ఇళ్లకు రంగులు వేయించే మేస్త్రి అనుభవాన్ని అంచనా కట్టదలచినవారు అతని కుంచె కన్నా థిన్నరు డబ్బాను పరిశీలించడం మేలు. థిన్నరనగా రంగును పలుచబరచే ద్రవం. రంగులో వర్ణకం, దానిని తలుపుకో గోడకో అంటిపెట్టే బంధకం, రెండింటినీ జారుగా ఉంచే ద్రావకం అని మూడు ముఖ్య భాగాలుంటాయి. పూత ఆరేసరికి మూడవది గాలిలో కలిసిపోతుంది కనుక, ఎంత పోశారో చెప్పే సాక్షి మర్నాటికి ఊళ్లో ఉండదు. మేస్త్రి శాస్త్రమంతా ఈ ఒక్క సూత్రం మీదనే నిలిచింది.

తలుపుల ఎనామెల్‌లో పోసేది పెట్రోలియం నుంచి తీసిన మినరల్ టర్పెంటైన్, మేస్త్రి నోట అది టర్పెంటు. చెక్కసామాను మీద వేసే నైట్రోసెల్యులోజ్ లక్కరుకు ఎన్.సి. థిన్నరు, గోడల ఎమల్షన్‌కు మంచినీళ్లు. మూడింటిలో అతనికి నీళ్ల మీదే అభిమానం మెండు, అవి యజమాని కుళాయిలోనే వస్తాయి గనుక. టర్పెంటు ఆవిరి నిప్పంటుకునేదని తెలిసీ డబ్బా పక్కనే బీడీ ముట్టించే ధైర్యం వేరే అధ్యాయం.

చిక్కదనం కొలవడానికి ప్రయోగశాలల్లో ఫోర్డ్ కప్పు అనే, అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను వాడి, రంగు ఎన్ని సెకన్లలో కారిపోతుందో లెక్కిస్తారు. మేస్త్రి చెక్కపుల్లతో నాలుగు తిప్పులు తిప్పి, పుల్లను పైకెత్తి, ధార తెగే తీరును ఒంటికన్నుతో చూసి, "ఇంకాస్త పట్టుద్దండి" అని తీర్పు చెబుతాడు. కళ్లజోడు సవరించుకుని డబ్బా మీది అక్షరాలు చదివిన విశ్రాంత ఉద్యోగి, "లీటరుకు 400 మిల్లీలీటర్లే అని రాశారు కదయ్యా" అంటే, "అది కంపెనీవాళ్ల గోడకండి" అని జవాబు వస్తుంది.

నిజానికి ఎంత పట్టాలన్నది గోడను బట్టి కాక ఒప్పందాన్ని బట్టి తేలుతుంది. కూలికి మాత్రమే ఒప్పుకుని, రంగు యజమాని కొనే పక్షంలో, డబ్బాల్లో కంపెనీలు పెట్టే టోకెన్లు మేస్త్రి జేబులోకే చేరతాయి కనుక, అతడు చిక్కదనానికి పరమభక్తుడై, "పలచన చేస్తే గోడ తాగేస్తదండి, ఇంకో ఇరవై లీటర్లు తెప్పించండి" అంటాడు. సామానుతో సహా గుత్తకు తీసుకున్న మరుసటి ఇంట్లో అదే నోరు, "చిక్కగా వేస్తే పెచ్చులూడిపోద్దండి" అని బోధిస్తుంది. ఆ బోధ ఫలితంగా తలుపు మీద ఎనామెల్ కన్నీటి చారలుగా దిగజారినా, పాత పచ్చరంగు కొత్త తెల్లరంగు లోంచి తొంగిచూసినా, అతని దగ్గర ఒకటే మందుంది: "రెండో కోటుకు కలిసిపోద్దండి."

పని ముగిశాక గచ్చు మీద, గడపల మీద, స్విచ్చుబోర్డుల మీద పడిన ఎనామెల్ చుక్కలను తుడవవలసి వచ్చినప్పుడు మాత్రం, తెచ్చిన టర్పెంటంతా అప్పటికే తలుపుల్లోకి ఎక్కేసినందువల్ల, మరో లీటరుకు యజమానినే విడిగా డబ్బులడుగుతాడు.