పాసంగం చూశాకే తూకం

సీడీ తిరగడం మొదలవగానే ఎడమ చానెల్‌కు సెకనుకు 44,100, కుడి చానెల్‌కు మరో 44,100 అంకెలు నా దగ్గరికి వచ్చిపడతాయి. ఒక్కో అంకె 16 బిట్లది. అంటే 65,536 మెట్లలో ఫలానా మెట్టు అని చెప్పే కబురన్నమాట. ఆ మెట్టుకు తగిన వోల్టేజిని సరిగ్గా ఆ క్షణానికి తయారుచేసి యాంప్లిఫైయరుకు అందించడం నా వృత్తి. తంబూర శ్రుతి, మృదంగం మీద పడే అరచేతి దెబ్బ, పల్లవికి ముందు గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు, అన్నీ నాకు అంకెలుగానే పరిచయం. నా పూర్తి పేరు డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ఇంట్లో అందరూ డాక్ అంటారు.

అరచేతిలో ఇమిడే అల్యూమినియం డబ్బా నా ఒళ్లు. లోపల ముఖ్యమైనవి రెండే చిప్పులు. ఒకటి తీగలో వచ్చే సంకేతాన్ని విప్పి అంకెలను, వాటి గడియారాన్ని వేరుచేస్తుంది. రెండోది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పీసీఎం5102ఏ. ఇరవై కాళ్లు, గోరంత శరీరం. అసలు నేనంటే అదే. వచ్చిన రెండు శాంపిళ్ల మధ్య ఉండవలసిన విలువలను లెక్కకట్టి నింపుకుంటాను. దీన్నే ఓవర్‌శాంప్లింగ్ అంటారు. ఆ తర్వాత డెల్టా-సిగ్మా పద్ధతిలో వోల్టేజిగా మారుస్తాను. రికార్డులో శబ్దం పూర్తి స్థాయికి చేరినప్పుడు నా నోట 2.1 వోల్టులు పలుకుతాయి. ఈ 2.1ని కాస్త గుర్తుంచుకోండి. నా జీవితంలో జరిగిన పెద్ద గొడవంతా దాని చుట్టూనే.

సీడీలతోబాటు మా జాతి ఇళ్లలో అడుగుపెట్టింది 1982లో. ఆ ఏడాది అక్టోబరులో సోనీ వారి సీడీపీ-101 ప్లేయరు జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. ఫిలిప్స్ వారి తొలి ప్లేయర్లలో కూర్చున్న మా పెద్దలకు 14 బిట్లే ఉండేవి. నాలుగింతల ఓవర్‌శాంప్లింగుతో వాళ్లు 16 బిట్ల పనితనం చూపించారు. వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే. అప్పట్లో మేము ప్లేయరు కడుపులోనే ఉండేవాళ్లం, మా పేరు ఎవరూ అడిగేవారు కాదు. విడి డబ్బాల్లోకి వచ్చాకే మమ్మల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం మొదలైంది.

నన్ను కోఠి గుజరాతీ గల్లీలో ఒక కొట్టునుంచి మా సారు తెచ్చుకున్నారు. రైల్వేలో చేసి రిటైరై సికింద్రాబాద్‌లో ఉంటున్నారు. ఆయన దగ్గరున్న పాత సీడీ ప్లేయరుకు ట్రే బాగానే ఉంది, అనలాగ్ ఔట్‌పుట్ మాత్రం గరగరమంటోంది. దాని డిజిటల్ ఔట్‌పుట్ తీగ నాకు తగిలించి, నన్ను యాంప్లిఫైయరుకు కలిపారు. పొద్దున కీర్తనలు, రాత్రి పాత సినిమా పాటలు. నా బతుకు హాయిగా సాగుతుండగా ఆయన స్నేహితుడు పెద్ద డబ్బాతో దిగాడు.

ఆ డబ్బా కూడా డాకే. కానీ నాలాంటిది కాదు. అందులో ఆర్-2ఆర్ అనే పద్ధతి. రెండే విలువల రెసిస్టర్లను నిచ్చెన వరసలో కూర్చి, ఒక్కో బిట్టుకు ఒక్కో మెట్టు కేటాయిస్తారు. ఆ రెసిస్టర్లు ఒకదానితో ఒకటి అచ్చంగా సరిపోవాలి, లేకపోతే మెట్లు ఎగుడుదిగుడవుతాయి. అలా ఏరి కూర్చడం నిజంగా ఓపికైన పని. దానికి లక్షకు పైనే అయిందని ఆయన గుమ్మంలోనే చెప్పాడు.

"ఒరేయ్, నీ చిన్న డబ్బా తీసెయ్. దీన్ని విను" అంటూ వెనక్కి వంగి తీగలు మార్చాడు. ఏ తీగ ఎక్కడ పెట్టాలో వెతుక్కునే సరికి కొన్ని నిమిషాలు పట్టింది. పాట మొదలైంది. సారు ముఖం వెలిగింది. "గొంతు ముందుకొచ్చిందిరా! బేస్ నిండుగా ఉంది." స్నేహితుడు తలాడించాడు. నా మీద తీర్పు అక్కడితో అయిపోయింది.

ఓడిపోయినందుకు నాకు బాధ లేదు. నాకన్నా మంచి డాకులు లేవని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఆ సాయంత్రం తూచింది నన్నూ కాదు, దాన్నీ కాదు. దాని నోట పూర్తి స్థాయిలో 2.5 వోల్టులు వస్తాయి, నా నోట 2.1. ఆ తేడా ఒకటిన్నర డెసిబెల్. ఇంత చిన్న తేడాను చాలామంది "ఇది గట్టిగా ఉంది" అని గుర్తుపట్టరు. "ఇది స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది" అనుకుంటారు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే చూపించిన సంగతి ఇందులో ఉంది. శబ్దం తగ్గినకొద్దీ చెవికి కింది స్వరాలు మరీ తక్కువగా వినిపిస్తాయి, పెరిగినకొద్దీ అవి తేరుకుంటాయి. అందుకే కాస్త గట్టిగా మోగిన పెట్టెకు ఊరికే బేస్ వచ్చి చేరుతుంది. తక్కెడ పాసంగం చూడకుండా బెల్లం తూస్తే తప్పు బెల్లానిదా?

ఆ తేడాను పసిగట్టింది సారుగారి అమ్మాయి. ఇంజనీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది.

"నాన్నా, బాబాయ్ డబ్బా గట్టిగా మోగుతున్నట్టుంది. కొలిచి చూద్దామా?"

"వాల్యూమ్ ఎవరూ ముట్టుకోలేదు కదమ్మా!" అన్నాడు స్నేహితుడు.

"చిక్కంతా అక్కడే ఉంది బాబాయ్."

వెయ్యి హెర్ట్జ్ శబ్దాన్ని ఒక ఖాళీ సీడీ మీద ఎక్కించి పెట్టింది. స్పీకరు వెనక ఎర్ర, నల్ల టెర్మినళ్లకు మల్టీమీటరు మొనలు ఆనించి, ఏసీ వోల్టేజి చూసింది. నాతో 2.00, దానితో 2.38. చవక మల్టీమీటరు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కోసం చేసింది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర అది చూపే అంకె కొంచెం తప్పినా, ఆ తప్పు ఇద్దరికీ ఒకేలా వర్తిస్తుంది కాబట్టి నిష్పత్తి చెడదు. కొలిచేది స్పీకరు దగ్గరే కావడం మరీ ముఖ్యం. మధ్యలో ఏమేం జరిగినా చెవికి చేరేది అక్కడున్న వోల్టేజే.

సమం చేయడానికి ఆమె దాని దారిలో ఒక ట్రిమ్‌పాట్, అంటే తిప్పి వోల్టేజి తగ్గించే చిన్న రెసిస్టర్, పెడదామంది. స్నేహితుడు ఒప్పుకోలేదు. "నా డబ్బా గొంతు నొక్కి, దీన్ని మాత్రం స్వేచ్ఛగా వదిలేస్తావా?" న్యాయమైన అభ్యంతరమే. నాకూ అదే అనిపించింది. అప్పుడా అమ్మాయి ఇద్దరి దారుల్లోనూ ఒకే రకం ట్రిమ్‌పాట్లు పెట్టింది. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి చొప్పున మొత్తం నాలుగు. ఒకే ఇరుసు మీద తిరిగే జంట పాట్‌లో ఎడమ కుడి సరిగ్గా కలవవని విడివిడిగా తెచ్చింది. చిన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పడం, మీటరు చూడడం, మళ్లీ తిప్పడం. తేడా 0.1 డెసిబెల్‌లోపు ఉండాలని పట్టుబట్టింది. అంటే వోల్టేజిలో దాదాపు ఒక శాతం. రెండు వోల్టుల దగ్గర మీటరులో చివరి అంకె ఒకటి అటూ ఇటూ ఊగొచ్చు, అంతకు మించి వీల్లేదు.

ఇక అందే అంకెల విషయం. ఇద్దరికీ వేర్వేరు పాటలు, వేర్వేరు ప్లేయర్లు పెడితే పోలికే లేదు. మా ప్లేయరుకు ఆప్టికల్, కోయాక్సియల్ రెండు ఔట్‌పుట్లూ ఒకేసారి పనిచేస్తాయి. ఒకటి నాకు, ఒకటి దానికి. పరీక్ష సగం అయ్యాక ఆ తీగలు కూడా అటుది ఇటు, ఇటుది అటు మార్చాలని ముందే రాసుకున్నారు.

ఎవరు మోగుతున్నారో వినేవాళ్లకు తెలియకూడదు. ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది రిలేల, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌ల, ఏర్పాటు. నానుంచి దానికి మారేటప్పుడు రిలే టక్కుమంటుంది. ఆ టక్కు వినిపిస్తే మారిందని, వినిపించకపోతే మారలేదని తెలిసిపోతుంది. కాబట్టి మార్పు ఉన్నా లేకపోయినా రెండు రిలేలూ ప్రతిసారీ టక్కుమనేలా, మధ్యలో ఎప్పుడూ ఒకే నిడివి నిశ్శబ్దం ఉండేలా ఆర్డునో బోర్డులో ప్రోగ్రాం రాసింది. మా ఇద్దరిలో ఎవరి శబ్దమైనా లిప్తపాటు వెనకబడినా ఆ నిశ్శబ్దం దాన్ని కప్పేస్తుంది. ఎవరిని మోగించాలో బోర్డే యాదృచ్ఛికంగా ఎంచుకుని లోపల రాసుకుంటుంది. గదిలో మనుషులెవరికీ తెలియదు కాబట్టి ఎవరి ముఖమూ చూసి పసిగట్టలేరు.

ఏ అంటే నేను, బీ అంటే అది, ఎక్స్ అంటే మా ఇద్దరిలో ఒకరు. ఎక్స్ ఎవరో చెప్పాలి. ఈ పద్ధతిని మన్సన్, గార్డ్‌నర్ 1950లో ప్రచురించారు. ఇళ్లలోని ఆడియో పరికరాలకు తగిన స్విచ్ పెట్టె గురించి డేవిడ్ క్లార్క్ రాసిన వ్యాసం 1982లో వచ్చింది. మేము ఇళ్లకు చేరిన ఏడాదే మమ్మల్ని న్యాయంగా పరీక్షించే దారి కూడా చేరిందన్నమాట. ఒక్కొక్కరూ 16 సార్లు చెప్పాలి, 12 లేదా అంతకు మించి సరైతేనే తేడా వినిపించినట్టు. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా 12 లేదా అంతకు మించి సరయ్యే అవకాశం నూటికి నాలుగులోపే. ఈ సంఖ్యలు ముందే ఖాయం చేసుకోవాలి. అనుకున్న ఫలితం వచ్చేదాకా ఆడుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

"ఇలా గబగబా మారిస్తే ఏం తెలుస్తుందమ్మా? తీరిగ్గా వినాలి" అన్నాడు స్నేహితుడు. తీరిక ఎవరూ కాదనలేదు. ఒక్కో మాటకు ఎంతసేపైనా తీసుకోవచ్చు, ఎన్నిసార్లైనా వెనక్కి వెళ్లొచ్చు. కానీ విన్న శబ్దం తాలూకు సన్నని వివరాలు మనసులో నిలిచేది కొద్ది సెకన్లే. తీగలు మార్చే నిమిషాల్లో అవి చెరిగిపోయి, మిగిలిన చోటును ధరా, పేరూ నింపేస్తాయి.

ఆ పెద్ద డబ్బాలో రెండు తీర్లున్నాయి. ముందు అది కూడా నాలాగే ఓవర్‌శాంప్లింగ్ చేసే తీరులో వినిపించారు. ముగ్గురికీ సగానికి అటూ ఇటూ మాత్రమే సరిపోయాయి. సారు రెండోసారి కళ్లు మూసుకుని మరీ విన్నారు. బేస్ ఎక్కడికి పోయిందని అడిగారు. ఎక్కడికీ పోలేదు, ఒకటిన్నర డెసిబెల్ తీసేశారంతే.

తర్వాత ఓవర్‌శాంప్లింగ్ లేని తీరు. సారుకు, స్నేహితుడికి మళ్లీ అంతే. అమ్మాయి మాత్రం మాండొలిన్, ఘటం ఉన్న కచేరీ పెట్టుకుని, వరసగా సరైన జవాబులు చెప్పుకుంటూ పన్నెండును తేలిగ్గా దాటింది. "ఘటం మీద వేళ్ల చప్పుడు ఒకదాంట్లో కొంచెం మెత్తబడుతోంది" అంది. ఆమె విన్నది నిజం. శాంపిళ్ల మధ్య ఏమీ నింపకుండా ఒక్కో విలువను మరో విలువ వచ్చేదాకా అలాగే పట్టుకుంటే పై స్వరాలు తగ్గుతాయి. 44,100 శాంపిళ్ల దగ్గర ఆ తగ్గుదల 10 వేల హెర్ట్జ్‌కు 0.7 డెసిబెల్, 15 వేలకు 1.7, 20 వేలకు 3.2. అరవై దాటిన చెవులకు ఆ పై భాగం చాలామటుకు చేరదు, ఇరవయ్యేళ్ల చెవులకు చేరుతుంది. అదే అమ్మాయి 1950ల నాటి సినిమా పాటతో ప్రయత్నిస్తే ఏమీ పట్టుకోలేకపోయింది. ఆ కాలపు రికార్డింగులో అంత పై స్వరాలు ఉంటే కదా తగ్గడానికి! పరీక్షకు ఏ పాట ఎంచుకుంటారన్నది కూడా తూకంలో భాగమే.

అందుకే ఈ పరీక్షంటే నాకు ప్రేమ. డాకులన్నీ ఒకటేనని అది చెప్పలేదు. ఎక్కడ ఒకటో, ఎక్కడ వేరో, ఎందుకు వేరో, ఎవరికి వినిపిస్తుందో చెప్పింది. స్నేహితుడు తన డబ్బా తీసుకుని వెళ్లాడు, అమ్మేయలేదు. ఆ రెసిస్టర్ల పనితనం తనకు ఇష్టమని చెప్పాడు. అది మంచి కారణమే, నేను గౌరవిస్తాను. సారు ఇప్పుడు స్పీకర్లను గోడనుంచి ముందుకు జరిపి చూస్తున్నారు. ఒక్క జానెడు జరిపితేనే బేస్‌లో వచ్చే మార్పు, మా ఇద్దరి మధ్య ఎంత వెతికినా దొరకనిది.

నేను ఓడిపోగల చోటు ఇంకొకటుంది, దాన్ని కూడా పరీక్షించమని నా కోరిక. కొత్త సినిమా పాటలను చాలావరకు శబ్దం పైకప్పుకు తాకేలా మాస్టర్ చేస్తున్నారు. రెండు శాంపిళ్లూ పైకప్పును తాకుతూ ఉంటే, వాటి మధ్య నేను లెక్కకట్టే విలువ ఆ కప్పును దాటిపోవచ్చు. అప్పుడు నాలో దానికి చోటు లేకపోతే శిఖరం తెగి వక్రత వస్తుంది. ఓవర్‌శాంప్లింగ్ లేని తీరులో పెద్ద డబ్బా మధ్య విలువలు లెక్కకట్టదు కాబట్టి దానికి ఈ బెడద లేదు. అమ్మాయి ఈ సంగతి స్నేహితుడికి ఫోన్లో చెప్పింది. "బాబాయ్, ఈసారి వచ్చేటప్పుడు డబ్బా మళ్లీ తెండి. ట్రిమ్‌పాట్లు కదపకుండా అలాగే ఉంచాను."