పద్నాలుగున్నర కిలోల కొండ సైకిలు

రాయదుర్గంలో సగం ఇళ్లల్లో వేలాడే త్రాసు ఒకటుంటుంది. అమెరికా వెళ్లే పెట్టె 23 కిలోలు దాటిందా, దాటితే కందిపొడి తీసేయాలా కారప్పొడి తీసేయాలా తేల్చడానికి. మొన్న దానికి మా అమ్మాయి సైకిల్ని తగిలించాను. 14.5 కిలోలు! పిల్ల బరువు 22.

లెక్కలు రావడం కూడా ఒక శాపమే. నేను 78 కిలోలు. అదే వంతున నాకో సైకిలు చేయిస్తే 51 కిలోలుండాలి. అంటే అమెరికా పెట్టెలు రెండు, వాటి మీదో ఆవకాయ జాడీ పెట్టుకుని ఎత్తు ఎక్కడమన్నమాట. ఏడాదిగా పిల్ల చేస్తున్నది అదే. వెనకాల నుంచి “తొక్కమ్మా, ఏంటా బద్ధకం!” అని అరుస్తున్నది నేను.

అంత బరువెందుకంటే, పేరు మౌంటెన్ బైకు కనక. కొండ లేకపోయినా కొండంత హంగుండాలి. ముందు చక్రానికి లావుపాటి షాకబ్జార్బర్లు. వాటి స్ప్రింగు ఎంత గట్టిదంటే, మా అమ్మాయి ఎక్కినా తన మీద ఎవరో ఉన్నారన్న సంగతి దానికి తెలియదు. నేను రెండు చేతులా అదిమితే మాత్రం అరంగుళం దిగి, మర్యాదకి మూలిగింది.

ఈ జాతి సైకిళ్లు పుట్టింది కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో. 1976లో అక్కడి కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్ల మీద మట్టిదారిన కిందికి పందెం వేసుకున్నారు. కిందికి చేరేసరికి వెనక చక్రం బ్రేకులో గ్రీజు పొగైపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. మా అమ్మాయి దిగే పర్వతం అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు. అక్కడ కాలేది వాచ్‌మన్ గుండె ఒక్కటే.

సరే, కోత మొదలుపెట్టాను. షాకులు పీకించి మామూలు ఫోర్కు వేయించాను. క్యారియరు, మడ్‌గార్డులు, ఇనుప స్టాండు పోయాయి. పెడళ్ల దగ్గర ఆగిపోయాను. కుడిది మాట విన్నది, ఎడమది గంటసేపు కదల్లేదు. చివరికి పానా మీద ఎక్కి నిలబడ్డాను. మా నాన్న పేపరు మడిచి, “అది ఎడ్డెమంటే తెడ్డెమనే రకంరా, అటు తిప్పు” అన్నారు. తొక్కుతుంటే ఊడకుండా ఎడమ పెడల్‌కి మర తిరగేసి కోస్తారట. అంటే గంటసేపూ నేను దాన్ని బిగిస్తున్నాను. ఈ మాట గంట ముందు చెప్పొచ్చుగా అంటే, పేపరు పూర్తి కాలేదన్నారు.

టైరు మీద 40 అని ఉంటే 40 కొట్టించాను. అది దాటకూడని హద్దు అని తర్వాత తెలిసింది. స్పీడ్‌బ్రేకర్ మీద పిల్ల పేలపు గింజలా ఎగిరింది. సగం గాలి తీసేస్తే టైరే మెత్తగా అణిగి, షాకులు చేయని పని చేసింది.

ఇంతలో బ్రేకు లీవరు పక్కన మిరియపు గింజంత స్క్రూ కనపడింది. నాలుగు చుట్లు తిప్పాను. లీవరు హ్యాండిల్ దగ్గరికి జరిగింది. పిల్ల వేళ్లు మొదటిసారి బ్రేకుని చేరాయి. ఏడాదిగా అది కాళ్లు నేలకి రాసి ఆపుతుంటే, చెప్పుల నాణ్యత పడిపోయిందని నేను కంపెనీలని తిట్టుకుంటూ మూడు జతలు కొన్నాను. ఫోర్కుకి ఎంతయిందో ఇంట్లో ఇంకా చెప్పలేదు. స్క్రూకి పైసా కాలేదు.

మళ్లీ తూచాను. 11.8! అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఫొటో కూడా పెట్టాను.

“నాన్నా, మరి నాకేం పెట్టావు?” అంది మా అమ్మాయి. తీసేయడమే తప్ప పెట్టడం నా పథకంలో లేదు. ముందు బుట్ట కావాలంది. ప్లాస్టిక్‌దే కదా అని ఒప్పుకున్నాను.

ఆదివారం ఖాజాగూడ గుట్టల వైపు వెళ్లాం. వచ్చాక సైకిలు లిఫ్టులోకి ఎత్తబోతే నడుం పట్టేసింది. బుట్ట నిండా రాళ్లు. ఏ టవరు పునాదికో పేల్చి పడేసిన ముక్కలు.

“పారెయ్ తల్లీ!”

“ఇవి 250 కోట్ల ఏళ్ల నాటివని, డైనోసార్ల కంటే ముందువని నువ్వే చెప్పావు నాన్నా!”

త్రాసు తెచ్చి తగిలించాను. 14.6.