జాముల్ నీరసరావు

నీరసరావు చలికాలంలో మాత్రమే బయటపడే తెలుగు గృహస్థు. భిలాయి ఉక్కు కర్మాగారం పక్కనున్న జాముల్‌లో దీపావళి టపాసుల పొగ చెదరగానే తలెత్తి, సంక్రాంతి అరిసెల డబ్బా అడుగంటేదాకా ఉంటాడు. వయసు నలభై ఐదు పైమాట. డ్యూటీ జనరల్ షిఫ్టు. తండ్రో తాతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రాయపూర్ రైలెక్కి వచ్చి, కర్మాగారం కట్టేరోజుల్లో తట్ట మోసినవాడై ఉంటాడు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించేనాటికి ఆ పెద్దాయన ఎన్ని చలికాలాలు రేకుల పాకలో గడిపాడో ఎవరూ లెక్క రాయలేదు. నీరసం ఆ ఇంటికి తర్వాతి తరాల్లో కలిసొచ్చిన ఆస్తి.

ఇతన్ని గుర్తుపట్టడం తేలిక. మంకీ క్యాప్, దానిమీద మఫ్లర్, రెండు స్వెట్టర్లు. లోపలిది పెళ్లినాటిది, అందుకే పైది. ఎదురుపడ్డవాళ్లు "ఏటి బావ్, అలాగున్నావు?" అంటే చాలు, "ఏటో, ఒంట్లో ఓపిక నేదు" అని మొదలుపెట్టి టీ చల్లారేదాకా ఆపడు. అడగకుండా వెళ్లిపోయేవాణ్ణి తానే వెనక్కి పిలుస్తాడు. ఆ పిలుపులో మాత్రం నీరసం వినిపించదు.

జాముల్ చలి మరీ కల్పితమేమీ కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది పన్నెండు డిగ్రీలకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. చల్లగాలి నేలను పట్టుకుని ఉండడం వల్ల పొగ, దుమ్ము పైకి పోలేక ఊరిమీదే తెరలా నిలుస్తాయి. 1965 నాటి సిమెంట్ ఫ్యాక్టరీ ఉన్న ఊరికి దుమ్ము కొత్త కాదు. కానీ పొద్దెక్కేసరికి ఎండ తేటగా కాస్తుంది. ఏడాదిలో అతి చిన్న పగలు కూడా ఇక్కడ పదిన్నర గంటలు దాటుతుంది. భిలాయి కట్టడానికి ఇంజనీర్లను పంపిన నాటి సోవియట్ దేశంలో, మాగ్నిటోగోర్స్క్ అనే ఉక్కు పట్టణంలో, ఆ రోజు పగలు సుమారు ఏడున్నర గంటలే. తనకు వచ్చిందని నీరసరావు చెప్పుకునే జబ్బు అలాంటి చోట్ల ఎక్కువ.

ఆ జబ్బు నిజంగానే ఉంది. చలికాలం రాగానే మనసు కుంగడం, ఎంత పడుకున్నా నిద్ర తీరకపోవడం, తీపి, పిండివంటల మీదికి మనసు పోవడం, బరువు పెరగడం, వసంతానికి అంతా సర్దుకోవడం, మళ్లీ ఏడాది మళ్లీ అదే వరస దాని లక్షణాలు. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు దీన్ని వర్ణించి పేరు పెట్టారు. రోసెంతాల్ దక్షిణాఫ్రికా ఎండల్లో పెరిగి అమెరికా చలికి వచ్చినవాడు. పగటి వెలుగు తగ్గితే మెదడులోని గడియారం గతి తప్పుతుందని, నిద్రకు సంబంధించిన మెలటోనిన్, ఉత్సాహానికి సంబంధించిన సెరటోనిన్ అటూఇటూ అవుతాయని వైద్యుల అభిప్రాయం.

నీరసరావు ఈ సంగతులన్నీ రజాయి కింద ఫోన్లో చదువుతాడు. లక్షణాల్లో తీపి మీద మనసు పోవడం కనబడగానే అతనికి రోగం ఖాయమైపోతుంది. పొద్దున్న పోహా, జలేబీ. సాయంత్రం మిరపకాయ బజ్జీ. మధ్యలో నువ్వుల లడ్డు, వేడి చేస్తుందని. ధనుర్మాసంలో తెల్లవారుజామున లేవలేనివాడు, భిలాయి సెక్టార్ 5 బాలాజీ గుడి నుంచి పొంగలి వచ్చిందంటే మాత్రం ముసుగు తీస్తాడు. భక్తిని శంకించనక్కర్లేదు, నెయ్యి వాసన దూరం పోతుంది.

చికిత్స దగ్గర ఇతని తెలివి పరాకాష్ఠకు చేరుతుంది. ఈ జబ్బుకు పదివేల లక్స్ వెలుగునిచ్చే దీపం ముందు పొద్దున్నే అరగంట కూర్చోబెట్టడం వాడుకలో ఉన్న వైద్యం. నీరసరావు ఆ దీపం తెప్పించి, దాని వెలుగు బాగా తెలియాలని కిటికీలు మూసి మరీ కూర్చుంటాడు. ఇంట్లో ట్యూబులైటు కింద వెలుగు కొన్ని వందల లక్స్ కూడా దాటదు. వాకిట్లో మబ్బు రోజునా వేలల్లో ఉంటుంది, నిండు ఎండలో లక్షకు చేరవచ్చు. ఆ మాట భార్య చెబితే వాకిట్లో కుర్చీ వేయించుకుంటాడు గానీ, మంకీ క్యాప్ కళ్లమీదికి లాక్కుని నిద్రపోతాడు. వెలుగు పనిచేసేది కంటిగుండా. (అలాగని సూర్యుణ్ణి తేరిపార చూడకూడదు, ఆరుబయట కళ్లు తెరిచి ఉంటే చాలు.) విటమిన్ డి కావాలంటే ఎండ చర్మానికి తగలాలి, ఇతని ఒంట్లో ఎండకు దొరికే భాగం ముక్కు ఒక్కటే.

ఇతన్ని బాగుచేసే పద్ధతులు అందరికీ తెలిసినవే. రోజూ ఒకే వేళకు లేవడం, పొద్దున్న ఎండలో అరగంట నడవడం, పగటి నిద్ర తగ్గించడం, నలుగురితో కలవడం. భార్య వీటన్నిటినీ కలిపి ఒకే మందుగా ఇస్తుంది: పాలపాకెట్టుకు పంపిస్తుంది. సంక్రాంతి దగ్గరపడి, ఊరికి టికెట్ల కోసం తెల్లవారకముందే స్టేషన్‌లో వరసలో నిలబడాల్సివస్తే ఎవరూ పంపకుండానే బయల్దేరతాడు.

నీరసరావును చూసి నవ్వుకోవచ్చు. చిక్కల్లా అతనుండే కాలనీలోనే నిజంగా కుంగినవాళ్లు వేరే ఉండడం. నైట్ షిఫ్టు చేసి పగలంతా పడుకునే కాంట్రాక్టు కార్మికుడు వారాల తరబడి పొద్దుటి ఎండ ఎరగడు. నీరసరావు కోసం నాలుగుసార్లు టీ కాచే ఇల్లాలి అలసట వెనక రక్తహీనతో థైరాయిడ్ లోపమో ఉండవచ్చు. దానికి మామూలు రక్తపరీక్ష చాలు. వీళ్లు "ఓపిక నేదు" అనరు, అన్నా వినే తీరిక ఎవరికీ ఉండదు. మాట్లాడేవాడి జబ్బే జబ్బుగా లెక్కకు వస్తుంది, అది అన్యాయం. రెండు వారాలు దాటి దిగులు వదలకపోతే, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే, అది చలికాలమైనా ఎండాకాలమైనా వైద్యుడికి చెప్పాల్సిందే. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఫోనుకు ఖర్చు లేదు, అక్కడ మాట్లాడే భాషల్లో తెలుగూ ఉంది.